తాళం తిప్పకముందే

మిరప కోతల కాలంలో నరసరావుపేట, పిడుగురాళ్ల, మాచర్ల రోడ్ల మీది పెట్రోలు బంకుల్లో పనిచేసే కుర్రాళ్లకు తీరిక దొరకదు. గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు మోసుకెళ్లే లారీలు, సున్నం లారీలు, ట్రాక్టర్లు, వాటి మధ్యలో కార్లు. లారీకి, ట్రాక్టరుకు డీజిలేనని కుర్రాడికి తెలుసు. చిక్కంతా కారుతోనే. మారుతి కంపెనీ డీజిల్ కార్లను 2020లో ఆపేసింది గానీ, అంతకుముందు అమ్మిన డీజిల్ స్విఫ్టులు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. పెట్రోలు స్విఫ్టును దాని పక్కన నిలబెడితే పైకి పెద్దగా తేడా కనిపించదు. యజమాని ఫోనులో మాట్లాడుతూనే అద్దం దించి ‘ఫుల్ చెయ్’ అంటాడు. కుర్రాడి చేతికి పెట్రోలు గన్ అందుతుంది.

డీజిల్ బండిలో పెట్రోలు పడింది. కానీ ఆ క్షణానికి బండికి ఏ నష్టమూ జరగలేదు. ఈ సంగతి తెలియకే చాలామంది బండ్లు పాడుచేసుకుంటున్నారు.

డీజిల్ ఇంధనం మాత్రమే కాదు, తాను ప్రవహించే పంపుకు తానే కందెన. పెట్రోలుకు ఆ జిడ్డు లేదు, పైగా ఉన్న నూనె పొరను కూడా కడిగేస్తుంది. ఇప్పటి డీజిల్ ఇంజన్లలో పంపు 1,000 బార్ దాటిన ఒత్తిడితో ఇంధనాన్ని తోస్తుంది. కారు టైరులోని గాలి ఒత్తిడి 2 బార్ చిల్లర మాత్రమే! అంతటి ఒత్తిడిలో కందెన లేకపోతే లోహాన్ని లోహం ఒరుసుకుంటుంది. రాలిన రజను ఇంజెక్టర్ల దాకా పాకుతుంది. ఇక ట్యాంకు కడిగితే సరిపోదు, పంపు, ఇంజెక్టర్లు, గొట్టాలు అన్నీ మార్చాలి. ఖర్చు లక్ష దాటినా ఆశ్చర్యం లేదు. పెట్రోలు బండిలో డీజిల్ పడితే ఇంత ప్రమాదం ఉండదు. పొగ చిమ్మి ఆగిపోతుంది, ప్లగ్గులు, ట్యాంకు శుభ్రం చేస్తే చాలావరకు దారికొస్తుంది.

అందుకే మెకానిక్కులు కీ తిప్పవద్దంటారు. కొన్ని కార్లలో కీ ఆన్ చేసినా చాలు, ట్యాంకులోని పంపు తిరగడం మొదలుపెడుతుంది. బండిని న్యూట్రల్‌లో ఉంచి పక్కకు నెట్టి, ట్యాంకు ఖాళీ చేయించాలి. నీళ్లయితే అడుగుకు దిగుతాయి. పెట్రోలు, డీజిల్ మాత్రం కలిసిపోతాయి, విడిపోతాయని ఎదురుచూడటం దండగ. కొంచెమే పడిందిలే, పైన డీజిల్ పోసేద్దామనే సలహా కూడా వినకూడదు.

అయితే ఆ క్షణంలో తప్పు తెలిసినవాడు ఒక్కడే, గన్ పట్టుకున్న కుర్రాడు. ‘సార్, స్టార్ట్ చేయకండి’ అన్న ఒక్క మాటతో ఇంజన్ దక్కుతుంది. అంటే తిట్లు పడతాయి, బహుశా చెంపదెబ్బ కూడా. నెల జీతం పోతుంది. ఊరుకుంటే కారు నాలుగు కిలోమీటర్ల అవతల ఎక్కడో ఆగుతుంది, ఏ బంకులో ఏం జరిగిందో తేలేసరికి తెల్లారుతుంది. వాడు నోరు మూసుకుంటే తప్పు వాడొక్కడిదేనా?

విమానాల లోకంలో ఇలాంటిదే ఒక సంఘటన ఉంది. బాబ్ హూవర్ (1922–2016) అమెరికాలో పేరుమోసిన పైలట్. పిస్టన్ ఇంజన్లున్న ఆయన విమానంలో ఒకసారి పొరపాటున జెట్ ఇంధనం పోశారు. గాలిలోకి లేచిన కాసేపటికే రెండు ఇంజన్లూ మొరాయించాయి. ఎలాగో నేలకు దించాడు, విమానం దెబ్బతిన్నా అందరూ బతికారు. తిరిగివచ్చేసరికి ఇంధనం పోసిన యువకుడు కుంగిపోయి నిలబడి ఉన్నాడు. హూవర్ అతని భుజం మీద చెయ్యి వేసి, రేపు నా విమానానికి నువ్వే ఇంధనం పోయాలని చెప్పాడు.

ఇది చదివినప్పుడు తిబెరియ సముద్రతీరం గుర్తుకు రాక మానదు. ప్రధానయాజకుని ఇంటి ముంగిట బొగ్గుల మంట దగ్గర పేతురు తన ప్రభువును ఎరుగనన్నాడు. పునరుత్థానుడైన యేసు అతణ్ణి కలిసింది కూడా బొగ్గుల నిప్పుల దగ్గరే. రెండు చోట్లా గ్రీకు మాట అంత్రకియా. కొత్త నిబంధనలో ఆ మాట మరెక్కడా లేదు (యోహాను 18:18, 21:9). తెలుగులో వేర్వేరు మాటలు పడటంతో ఆ పోలిక మనకు అందదు. ప్రభువు సంజాయిషీ అడగలేదు. ముందు భోజనం పెట్టాడు, తర్వాత తన గొర్రెలను అప్పగించాడు.

మన సంఘాల్లో ఒప్పుకున్నవాడికి పడే శిక్ష దాచుకున్నవాడికి పడదు. కానుకల లెక్కలో వెయ్యి రూపాయలు వాడుకున్న యువకుడు మొదటి వారమే చెప్పుకుంటే సర్దుకునే సంగతి అది. చెబితే వచ్చే ఆదివారం ఏమవుతుందో అతనికి తెలుసు, అందుకే చెప్పడు. పంట పోయి అప్పు చేసిన రైతు వడ్డీ లెక్క భార్యకు కూడా చెప్పడు. ఆరాధనకు వస్తాడు, వెనక వరుసలో కూర్చుంటాడు, క్షేమమేనంటాడు. బండి నడుస్తూనే ఉంటుంది, లోపల రజను రాలుతూ ఉంటుంది. కొందరి సంగతి భూస్థాపన కార్యక్రమంలోనే తెలుస్తుంది. పల్నాడులో పాస్టర్లకు ఆ ఇళ్లు కొత్త కావు.

హూవర్ క్షమించి అంతటితో ఊరుకోలేదు. ఆ పొరపాటు మళ్లీ జరగకుండా జెట్ ఇంధనం పోసే గొట్టం మూతిని చప్పిడిగా, వెడల్పుగా మార్చారు. పిస్టన్ విమానాల ట్యాంకు నోరు ఇరుకు చేశారు. అది ఇందులో దూరదు. ఆ మూతిని ఇప్పటికీ హూవర్ నాజిల్ అనే పిలుస్తారు. మన కార్లకైతే ట్యాంకు మూత లోపలివైపు ‘డీజిల్’ అని పెద్ద తెలుగు అక్షరాలతో ఒక స్టిక్కరు అంటించుకోవచ్చు. ఫోను జేబులో పెట్టుకుని, కిందికి దిగి, గన్ పెట్టేముందు ఆ అబ్బాయికి ఇంకోసారి చెప్పవచ్చు.