మూసి ఉంచడమూ పనే

కోలారు జిల్లా బేతమంగళ పల్లెల్లో పసిపిల్లలకు చెంచాతో పోసే విటమిన్-ఏ చుక్కలు చాలామంది దృష్టిలో కంటి మందే. తొమ్మిది నెలలకు 1 మి.లీ., అంటే లక్ష యూనిట్లు. ఆ తర్వాత ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి 2 మి.లీ. కంటి మందు అనడం తప్పు కాదు గానీ, అది సగం మాటే.

ఈ విటమిన్ లోపించిన బిడ్డ కంటి తెల్లగుడ్డు మీద సబ్బు నురుగు అంటినట్టు ఒక మచ్చ కనిపిస్తుంది. బిటాట్ మచ్చ అంటారు. అది మురికి కాదు. తేమగా, జిగురు ఊరుతూ ఉండాల్సిన పొరలో కణాలు దారి తప్పి చర్మంలా గట్టిపడ్డాయి. ఏ కణం ఏమవ్వాలో తేల్చడంలోనూ ఈ విటమిన్‌కు చెయ్యి ఉందన్నమాట.

ఒంట్లో అది రెటినోయిక్ ఆమ్లంగా మారి, కణకేంద్రకంలోని గ్రాహకాన్ని పట్టుకుంటుంది. 1987లో ఈ గ్రాహకాన్ని పియర్ షాంబాన్, రోనాల్డ్ ఎవాన్స్ బృందాలు వేర్వేరుగా గుర్తించాయి. విటమిన్ అందకపోతే గ్రాహకం ఊరికే కూర్చుంటుందనుకోవడం పొరపాటు. కోలారు బంగారు గనులకు (కేజీఎఫ్) నీళ్లిచ్చిన బేతమంగళ చెరువునే తీసుకోండి: తూము ఎత్తడమే కాదు, మూసి కాపలా కాయడమూ నీరుగంటి పనే. గ్రాహకమూ అంతే. ఆమ్లం లేనప్పుడు డీఎన్ఏ మీదే ఉండి, కణాన్ని ఎదగనిచ్చే జన్యువులను అణచి ఉంచుతుంది.

ఈ గ్రాహకానిది అన్ని కణాల్లోనూ ఒకే తీరు అన్నది ఇంకో అపోహ. అందులో ఆల్ఫా, బీటా, గామా అనే రకాలున్నాయి. ఎలుకల ఎముక మూలుగలో గామా రకం మూలకణాన్ని మూలకణంగానే నిలపడానికి తోడ్పడితే, ఆల్ఫా రకం ఆమ్లం అందగానే తెల్లకణంగా ఎదగమని తోస్తుంది. పిండ మూలకణాలకు ఆమ్లం తగిలితే బీటా రకం పెరుగుతుంది. ఆ ఆమ్లాన్నే విరగ్గొట్టే ఎంజైమూ వెంటనే తయారవుతుంది. అతి కాకుండా కణం వేసుకున్న కళ్లెం అది.

ఆల్ఫా తూము ఇరుక్కుపోతే? ఒక రకం రక్త క్యాన్సర్‌లో 15, 17 క్రోమోజోముల ముక్కలు తారుమారై, ఈ గ్రాహకం మరో ప్రోటీన్‌తో అతుక్కుపోతుంది. ఒంట్లో మామూలుగా ఉండే ఆమ్లానికి తలుపు తెరుచుకోదు. 1985లో షాంఘైలో వాంగ్ ఝెన్‌యీ ఒక ఐదేళ్ల పాపకు రెటినోయిక్ ఆమ్లాన్ని మందు మోతాదులో ఇచ్చారు. క్యాన్సర్ కణాలను చంపే పని లేకుండానే అవి ఎదిగాయి, పాప కోలుకుంది.

అలాగని శ్రీనివాసపుర మామిడిపళ్లూ మునగాకూ ఎంత తిన్నా ఆ మోతాదు రాదు. శరీరం కెరోటిన్‌ను అవసరం మేరకే మార్చుకుంటుంది. మాత్రల సంగతి వేరు. మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్ ఈ కుటుంబానిదే. ఏ కణం ఏమవ్వాలో పిండంలో తేలే తొలి వారాల్లో తల్లి దాన్ని మింగితే బిడ్డ ముఖం, గుండె, మెదడు సరిగ్గా ఏర్పడకపోవచ్చు.