ఖాతాకు రెండవ గడియ

పిల్లల ఫోటోలు, ఇంటి దస్తావేజుల ప్రతులు, పద్దులు నేడు గూగుల్, డ్రాప్‌బాక్స్ వంటి క్లౌడు ఖాతాలలో నుండుచున్నవి. బీరువా తాళపుచెవిని కొంగున ముడివైచుకొను మనము వీనికి మాత్ర మొక్క పాస్‌వర్డుతో తృప్తినొందుచున్నాము. అదియును పదిచోట్ల నొక్కటియే!

డ్రాప్‌బాక్స్ ఉద్యోగి యొకరు వేరొకచోటి పాస్‌వర్డునే సంస్థ ఖాతాకును వాడగా నది దొంగల పాలయ్యెను. 2012 నాటి యా చోరీలో 6 కోట్ల 80 లక్షలకు పైగా ఖాతాల వివరములు పోయినట్లు 2016లో గాని వెల్లడి కాలేదు.

కావున రెండవ గడియ వలయును. ఫోనునకు వచ్చు ఓటీపీ యట్టిదే. కాని మోసగాడు మన నంబరున వేరొక సిమ్ము సంపాదించెనేని యది వానికే చేరును. అంతకంటె అథెంటికేటరు యాప్ మేలు. ఖాతాకును ఫోనునకును ముందే కుదిరిన రహస్యమును, అప్పటి కాలమును బట్టి యారంకెల సంఖ్యను 30 సెకండ్ల కొకటిగా ఫోనే గణించును. అయినను మాయమాటలకు లోబడి చెప్పితిమా, వ్యర్థమే. పాస్‌కీ యన్నిటికంటె దృఢము. నకిలీ వెబ్‌సైటు నెదుట నది పనిచేయనే చేయదు.

ఇవి మగవారు చూచుకొందురులే యని యూరకుండుట మాకు సమ్మతము గాదు. సెట్టింగులలో నీ యేర్పాటునకు పట్టునది కాఫీ కాగునంతటి సేపే. ఫోను పోయినపు డక్కఱకువచ్చు బ్యాకప్ కోడ్లను గూగుల్ పదింటి నిచ్చును. ఒక్కొక్కటి యొక్కసారికే చెల్లును. వానిని కాగితముపై వ్రాసి నగలపెట్టెలో నుంచుడు.