అద్దకపు రంగులు - మూత్రాశయపు కాన్సర్

నేత కుటుంబముల వారికి మనవి. మగ్గము ముందు కూర్చున్నవారి కంటె, నూలు చిలపలను రంగు తొట్టిలో ముంచువారికి ఈ వ్యాసము ఎక్కువ అవసరమని మేము తలచుచున్నాము.

1884లో జర్మనీలో కాంగో రెడ్ అను రంగు పుట్టినది. కరక్కాయ, పటిక పట్టించు పని లేకుండ నూలునకు తిన్నగా అంటుట దాని గొప్ప. దానిని బెంజిడీన్ అను రసాయనముతో చేసిరి. తరువాత అదే మూలముతో మరెన్నో రంగులు వచ్చినవి. రంగుల కర్మాగారములలో పనిచేయువారికి మూత్రాశయములో గడ్డలు లేచుచున్నవని ఫ్రాంక్‌ఫర్ట్ శస్త్రవైద్యుడు లుడ్విగ్ రేన్ 1895లోనే తెలిపెను.

ఇది ఎట్లు జరుగును? ముక్కులోనికో నోటిలోనికో పోయిన రంగుపొడి శరీరములో విరిగి మరల బెంజిడీన్ అగును. అది కొంత మార్పుచెంది, మూత్రముతో మూత్రాశయము చేరి, కణములలోని డి.ఎన్.ఏ.కు అంటుకొనును. డి.ఎన్.ఏ.ను జకార్డు అట్టల వరుసగా తలచుడు. ఒక రంధ్రము తప్పినచో పువ్వు తప్పును. కణమును పెరుగుమని ఆజ్ఞాపించు ఎఫ్.జి.ఎఫ్.ఆర్.3, అదుపులో నుంచు టి.పి.53 అను జన్యువులు ఈ కాన్సర్‌లో తరచు చెడియుండును.

జన్యువుల పనికి కళ్లెము వేయునవి మరికొన్ని కలవు. అవి ఇంచుమించు 22 అక్షరముల పొడవుగల మైక్రో ఆర్.ఎన్.ఏ. తునకలు. 1993లో వీటి సంగతి వెల్లడించిన ఆంబ్రోస్, రువ్కున్‌లకు 2024లో నోబెల్ బహుమానము లభించినది. మూత్రాశయపు కాన్సర్‌లో 99ఎ, 100 సంఖ్యల తునకలు తగ్గినచో ఎఫ్.జి.ఎఫ్.ఆర్.3 విజృంభించునని 2009లో పరిశోధకులు చూపిరి.

ఇట్టి మార్పులు పోగుపడి వ్యాధిగా బయటపడుటకు ఇరువది ఏండ్లు పట్టవచ్చును. కావున నేడు బాగున్నామని ఉపేక్షింపరాదు. మన ప్రభుత్వము 1990 దశకములో ఇట్టి 112 రంగులను నిషేధించినది. డైరెక్ట్ బ్లాక్ 38, డైరెక్ట్ బ్లూ 6, డైరెక్ట్ బ్రౌన్ 95 బెంజిడీన్ రంగులే. పేరు చీటీ లేని విడిపొడి కొనకుడు. పొడి కలుపునపుడు ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు ఉండవలెను. రంగు గిన్నెను వంటింటికి తేరాదు. బీడీ, సిగరెట్టు మానుడు. పొగాకు కూడ ఈ వ్యాధికి పెద్ద కారణమే.

నొప్పి లేకుండ మూత్రములో నెత్తురు ఒక్కసారి కనబడి ఆగిపోయినను వైద్యుని వద్దకు పొండు. ఎన్నేండ్లు అద్దకము చేసితిరో తప్పక చెప్పుడు. తొలిదశలో పట్టుకొన్నచో ఈ వ్యాధి చాలమందికి నయమగును.