స్కానర్‌కు తోడుగా చవక జీపీఎస్

అమెరికాలోని ఓక్లహామా రాష్ట్రంలో ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే జనం ఒక కన్ను ఆకాశం మీద వేసి ఉంచుతారు. ఆ రోజుల్లో అక్కడ టోర్నడోలు తరచుగా వస్తాయి. మేఘం నుంచి నేల దాకా దిగి, గిర్రున తిరుగుతూ, దారిలో ఉన్న ఇళ్ళను కూల్చుకుంటూ పోయే సుడిగాలులివి. దూరంలో ఉన్న రాడార్‌కు మేఘం పైభాగం కనిపిస్తుంది గాని, నేలకు దగ్గరగా ఏం జరుగుతున్నదో సరిగా కనిపించదు. అందుకని అక్కడి జాతీయ వాతావరణ శాఖ ‘స్కైవార్న్’ అనే పేరుతో మామూలు పౌరులకే శిక్షణ ఇస్తుంది. వాళ్ళు మేఘాన్ని కంటితో చూసి కబురు అందిస్తారు. అలా కారులో తిరిగేవాళ్ళలో చాలామంది దగ్గర రేడియో స్కానర్ ఉంటుంది.

స్కానర్ కూడా రేడియోయే. కాని మన ఇంట్లో రేడియోను ఒక స్టేషన్ మీద పెడితే దాని మీదే ఉంటుంది. స్కానర్ అలా కాదు. దాని జ్ఞాపకంలో మనం దాచిన పౌనఃపున్యాలను సెకనుకు డజన్ల కొద్దీ తట్టి చూస్తూ పోతుంది. ఎక్కడ మాట వినిపిస్తే అక్కడ ఆగి మనకు వినిపిస్తుంది. మాట ఆగిపోగానే మళ్ళీ వెతుకులాట మొదలు.

చిక్కల్లా ఇక్కడే ఉంది. అమెరికాలో కౌంటీ అంటే సుమారుగా మన జిల్లా వంటిది. కౌంటీ మారితే అగ్నిమాపకదళం వాడే పౌనఃపున్యం మారుతుంది, తుపాను కాపరులు మాట్లాడుకునేదీ మారుతుంది. గంటకు 96 కిలోమీటర్ల వేగంతో పోయే కారు అరగంటలో ఒక కౌంటీ దాటేస్తుంది. దాటిన ప్రతిసారీ పుస్తకం తిరగేసి, మీటలు నొక్కి స్కానర్‌ను మార్చాలా? వర్షంలో, ఈదురుగాలిలో స్టీరింగు మీద నుంచి చేతులు తీయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. పోనీ అన్ని కౌంటీలవీ కలిపి స్కానర్‌లో పెడితే? వందల పౌనఃపున్యాలు తట్టి వచ్చేలోగా కావలసిన కబురు కాస్తా దాటిపోతుంది.

దీనికి యూనిడెన్ కంపెనీ వారి బీసీడీ 996 ఎక్స్‌టీ వంటి స్కానర్లలో ఒక ఉపాయం ఉంది. ఒక్కొక్క కౌంటీకి ఒక వృత్తం గీస్తారు. వృత్తకేంద్రం అక్షాంశ రేఖాంశాలూ, వ్యాసార్ధమూ స్కానర్‌కు ముందే చెప్పి ఉంచుతారు. కారు వృత్తంలోకి రాగానే ఆ కౌంటీ పౌనఃపున్యాలు మేలుకుంటాయి. వృత్తం దాటగానే నిద్రపోతాయి. అయితే కారు ఎక్కడున్నదో స్కానర్‌కు ఎవరు చెప్పాలి? జీపీఎస్ గ్రాహకం చెప్పాలి.

(ఒక మాట. ఇది అమెరికా సంగతి. అక్కడ కూడా న్యూయార్క్ వంటి రాష్ట్రాల్లో పోలీసు పౌనఃపున్యాలు వినగల స్కానర్‌ను కారులో పెట్టుకోవడానికి ఆంక్షలున్నాయి. మన దేశంలో అనుమతి లేకుండా పోలీసు వైర్‌లెస్ వినడం నేరం. జీపీఎస్ గ్రాహకానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు.)

మరి ఎలాంటి గ్రాహకం కొనాలి? రంగుల తెర, పటాలు, దారి చెప్పే గొంతు ఇవన్నీ ఉన్నవి ఖరీదైనవి. స్కానర్‌కు కళ్ళు లేవు, కాబట్టి వీటితో దానికి పని లేదు. పోనీ, ఎక్కువ కచ్చితంగా చెప్పేదానికి ఎక్కువ డబ్బు పెడదామా? లెక్క వేసి చూడండి. వృత్తం వ్యాసార్ధం 32 కిలోమీటర్లనుకుందాం. చవక గ్రాహకం చేసే పొరపాటు ఐదారు మీటర్లు. 32,000 మీటర్లలో ఐదారు మీటర్లు ఒక లెక్కా! సెకనుకు పదిసార్లు స్థానం చెప్పే గ్రాహకాలూ ఉన్నాయి. మన కారు సెకనుకు 27 మీటర్లే కదులుతుంది గనుక సెకనుకు ఒక్కసారి చెబితే ధారాళంగా సరిపోతుంది.

డబ్బు పెట్టవలసిన చోటు ఏరియల్. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. వాటి సంకేతాలు మనను చేరడానికి పట్టే కాలాన్ని బట్టి గ్రాహకం దూరాలు లెక్కకడుతుంది. గడియారంలో మైక్రోసెకను తేడా వస్తే దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది. అందుకనే స్థానానికి మూడు, తన గడియారం తప్పు దిద్దుకోవడానికి ఇంకొకటి, మొత్తం నాలుగు ఉపగ్రహాలు దానికి కనిపించాలి. ఆ సంకేతం నేలను చేరేసరికి ఎంత బలహీనమో ఊహించలేరు. ఒక వాట్‌ను కోటి కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్ళీ నూరు ముక్కలు చేస్తే ఒక ముక్క ఎంతో సుమారుగా అంత! కారు ఇనపకప్పు కింద అది నిలవదు. కాబట్టి అయస్కాంతంతో కప్పు మీద అంటుకునే, పొడవైన తీగ ఉన్న గ్రాహకం మేలు.

ఇక అసలు సంగతి. గ్రాహకానికీ స్కానర్‌కూ భాష కలవాలి. ఓడల్లోని పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి అమెరికాలోని నౌకా ఎలక్ట్రానిక్స్ సంఘం ‘ఎన్‌ఎమ్‌ఈఏ 0183’ అనే ప్రమాణాన్ని తయారుచేసింది. ఇందులో గ్రాహకం చెప్పే ప్రతి వాక్యమూ డాలరు గుర్తుతో మొదలవుతుంది. మామూలు వేగం సెకనుకు 4800 బిట్లు. ఒక్కొక్క అక్షరానికి ముందూ వెనకా కాపలా బిట్లతో కలిపి 10 బిట్లు పోతాయి గనుక సెకనుకు 480 అక్షరాలు. ఒక వాక్యం 82 అక్షరాలకు మించదు. అంటే సెకనుకు ఐదు వాక్యాలు చెప్పవచ్చు. గ్రాహకం 9600 వేగంతో చెబుతుంటే స్కానర్ 4800 వేగంతో వింటే ఒక్క ముక్కా అర్థం కాదు. రెండు చోట్లా ఒకే వేగం పెట్టాలి.

ఈ వాక్యాల్లో మరో తమాషా ఉంది. చార్మినార్ అక్షాంశం 17.3616 డిగ్రీలు. గ్రాహకం దాన్ని 1721.696 అని చెబుతుంది. అంటే 17 డిగ్రీల 21.696 నిమిషాలు. దశాంశ బిందువును జరిపి 17.21696 డిగ్రీలని చదివారో, చార్మినార్ 16 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది! వృత్తకేంద్రాలు స్కానర్‌లో నింపేవాళ్ళు ఈ తేడాను మరిచిపోరాదు.

భాష ఒకటైనంత మాత్రాన చాలదు, నోరూ చెవీ కలవాలి. కొనేవాళ్ళు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. బజారులో చవకగా, తేలికగా దొరికేవి యూఎస్‌బీ గ్రాహకాలు. యూఎస్‌బీలో ఒకరు యజమాని, మిగిలినవాళ్ళు పనివాళ్ళు. యజమాని అడిగితేనే పనివాడు నోరు విప్పుతాడు. యజమాని అంటే కంప్యూటరు. ఈ స్కానర్ యజమాని కాదు. అలాంటి స్కానర్‌నూ, యూఎస్‌బీ గ్రాహకాన్నీ కలిపితే పెళ్ళిచూపుల్లో ఇద్దరూ తలవంచుకుని కూర్చున్నట్టు ఉంటుంది. మధ్యలో యూఎస్‌బీని మార్చే తీగ పెట్టినా ఫలితం లేదు. ఆ తీగకూ కంప్యూటరే యజమాని.

కావలసింది ఆర్‌ఎస్-232 అనే పాతకాలపు సీరియల్ పద్ధతిలో మాట్లాడే గ్రాహకం. గార్మిన్ కంపెనీ జీపీఎస్ 18 ఎక్స్ అనే ఒకే పరికరాన్ని రకరకాలుగా తయారుచేసింది. అందులో ‘యూఎస్‌బీ’ రకం మనకు పనికిరాదు. ‘పీసీ’ రకానికి తొమ్మిది పిన్నుల సీరియల్ ప్లగ్గూ, కారు బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునే తీగా ఉంటాయి. మనకు కావలసింది అది. మరో రకానికి వట్టి తీగలే ఉంటాయి, ప్లగ్గు మనమే అతికించుకోవాలి. డబ్బు మరీ తక్కువైతే, సీరియల్ మార్గం ఉన్న పాత చేతి జీపీఎస్ ఒకటి సెకండ్‌హాండ్‌లో తీసుకోవచ్చు. అలాంటివి కొన్ని తేదీ తప్పు చూపిస్తాయి. ఉపగ్రహాలు వారాలను 1024 వరకే లెక్కించి మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టడం దీనికి కారణం. 2019 ఏప్రిల్‌లో అలా జరిగింది. తేదీ తప్పినా స్థానం సరిగా చెబుతుంటే చాలు. బేరం చేయడానికి అదొక సాకు కూడా!

అన్నిటికంటే చవక నియో-6ఎమ్ వంటి చిన్న మాడ్యూలు. మన దగ్గర కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. కాని ఇది ‘ఒకటి’ అనే బిట్‌ను 3.3 వోల్టులతో, ‘సున్నా’ను సున్నా వోల్టులతో చెబుతుంది. ఆర్‌ఎస్-232లో ‘ఒకటి’ అంటే రుణ వోల్టేజి, ‘సున్నా’ అంటే ధన వోల్టేజి. అంతా తలకిందులు! మధ్యలో మాక్స్ 3232 అనే చిప్ దుబాసీగా ఉండాలి. ఇది పుట్టుకతో 9600 వేగంతో మాట్లాడుతుందని కూడా గుర్తుంచుకోండి.

స్కానర్ లేకపోయినా ఈ మాడ్యూలును కంప్యూటరుకు తగిలించి చూడవచ్చు. వోల్టేజిని కలిపే యూఎస్‌బీ తీగ ఒకటి చాలు. డాబా మీదికి తీసుకువెళ్ళండి. మొదట తెర మీద అంకెలు లేని వట్టి కామాలే వరసగా కనిపిస్తాయి. ఉపగ్రహం తన కక్ష్య వివరాలను సెకనుకు 50 బిట్ల చొప్పున తాపీగా చెబుతుంది, అదంతా వినడానికే అర నిమిషం పడుతుంది. ‘ఆర్‌ఎమ్‌సీ’ అనే పేరున్న వాక్యంలో కాలం తరువాతి అక్షరాన్ని గమనించండి. అది ‘వీ’ అని ఉన్నంతసేపూ గ్రాహకం ఇంకా వెతుకుతున్నదన్నమాట. ‘ఏ’గా మారగానే పక్కన అంకెలు వచ్చి కూర్చుంటాయి. మొదటి రెండంకెలు మీ ఊరి అక్షాంశంలోని డిగ్రీలు.