ధర్మకర్త మారితే పన్ను శాఖకూ చెప్పాలి

మా మహల్లా విద్యా ట్రస్టుకు పెద్ద దిక్కయిన హాజీసాబ్ కన్నుమూశారు. నలభై రోజుల ఫాతెహా అయ్యాక కూర్చుని, వారి తమ్ముణ్ణి ధర్మకర్తగా ఎన్నుకున్నాం. తీర్మానం రాశాం. బ్యాంకులో సంతకాలు మార్చాం (బ్యాంకువారు గట్టిగా అడగబట్టే అదైనా జరిగింది). పని అయిపోయిందనుకున్నాం.

ఆదాయపు పన్ను శాఖ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ధర్మకర్త మారినా ట్రస్టు పాన్ నంబరు మారదు, నిజమే. కానీ శాఖవారి పోర్టల్‌లో నమోదై ఉన్న మొబైలు, ఈమెయిలు హాజీసాబ్‌వే. ఈ రోజుల్లో నోటీసులు ఆ దారినే వస్తాయి. మాకూ ఒకటి వచ్చింది. ఆ ఫోనేమో వారింట్లో బీరువాలో మూగగా పడి ఉంది! గడువు దాటాకగానీ మాకు తెలియలేదు. పేదపిల్లల ఫీజులకని ఇచ్చిన చందాలపై పన్ను పడుతుందేమోనని ఎంత ఆందోళనపడ్డామో!

ఆడిటర్ సాయంతో తీర్మానం నకలు, కొత్త ధర్మకర్త పాన్ పట్టుకుని తిరిగి, పోర్టల్‌లో ఆయన పేరు, ఫోను నంబరు ఎక్కించాం. రిటర్నుపై సంతకం చేయవలసిందీ ఇక ఆయనే.

వక్ఫ్ అయితే మరో బాధ్యత కూడా ఉంది. 1995 నాటి వక్ఫ్ చట్టం 42వ సెక్షన్ ప్రకారం ముతవల్లీ మరణించినా, తప్పుకున్నా కొత్తవారు వెంటనే బోర్డుకు తెలియజేయాలి. బోర్డుకు చెబితే పన్ను శాఖకూ చెప్పినట్టేనని మాలో కొందరు వాదించారు. కాదు, రెండూ వేరు.

నోటీసుకు జవాబు పంపాం. ఉత్తర్వు ఇంకా రాలేదు.