కలకబారిన కొలను తేరుకొనేదెలా?

ఎంతో మక్కువపడి ఇంటి ఆవరణలో ఈతకొలను కట్టించుకున్నారు. నింపిన నాడు నీరు నీలపు అద్దంలా మెరిసింది. క్లోరిన్ వేసిన మర్నాడు చూస్తే పాలు కలిపినట్లు తెల్లబడింది. పిల్లలు స్నానదుస్తులతో గట్టుమీద సిద్ధంగా నిలుచున్నారు. వారిని దిగనివ్వవచ్చునా?

ఎంతమాత్రమూ కూడదు. నీట మునిగేవారు చాలాసార్లు కేక అయినా వేయలేరు; చడీచప్పుడూ లేకుండా అడుగుకు జారిపోతారు. అడుగు కనబడని కొలనులో గజం దూరంలో ఉన్న బిడ్డ కూడా మన కంటబడకపోవచ్చు. అందుకే లోతైన చోట అడుగునున్న తూము జాలీ గట్టుమీది నుంచి స్పష్టంగా కనబడేదాకా ఎవరూ దిగరాదనేది నియమం.

కలక కనబడగానే చేతికందిన మందల్లా గుమ్మరించడం పెద్ద పొరపాటు. ముందుగా కారణం తెలుసుకోవాలి. దక్కను పీఠభూమిలో, ముఖ్యంగా హైదరాబాదు పరిసరాల తోట ఇళ్ళలో, కొలనులను తరచు బోరు నీటితో నింపుతారు. రాతి పగుళ్ళలో ఊరే ఆ నీటిలో కాల్షియం లవణాలు హెచ్చు. కొత్త సిమెంటు పూత నుంచి కొన్ని వారాలపాటు సున్నం ఊరుతూ నీటి క్షారగుణాన్ని పెంచుతుంది. దానికి తోడు బ్లీచింగ్ పౌడరు వేస్తే అందులోని కాల్షియం కూడా కలుస్తుంది. కరిగి ఉన్న కాల్షియం అప్పుడు సన్నని సుద్దగా విడిపోతుంది. గీజరులో పేరుకొనే తెల్లని పొర కూడా ఇదే.

దీనిని గుర్తించడం సులభం. గాజు గ్లాసులో కొలను నీరు తీసుకొని కొద్దిగా వెనిగరు కలపండి. కలక విరిగితే అది సుద్ద. విరగకపోతే మట్టి, దుమ్ము లేక నాచు కావచ్చు. నాచైతే సాధారణంగా నీటికి పచ్చఛాయ వస్తుంది, గోడలు జారుడుగా ఉంటాయి.

ఇక చికిత్స. పరీక్షా సామగ్రితో నీటి పి.హెచ్. కొలవండి. అది 7.2, 7.8ల మధ్య ఉండాలి. 8 చేరితే వేసిన క్లోరిన్‌లో దాదాపు నాలుగోవంతు మాత్రమే చురుకుగా పనిచేస్తుంది. పి.హెచ్. హెచ్చుగా ఉంటే ఆమ్లాన్ని కొద్దికొద్దిగా వేస్తూ, మధ్యమధ్య పరీక్షిస్తూ తగ్గించాలి. తరువాత లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల క్లోరిన్ నిలిచేటట్లు చూడాలి. బోరు నీటికి పౌడరు కంటె ద్రవరూపంలోని సోడియం హైపోక్లోరైటు మేలు.

ఆపైన పని వడపోతది. 10 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.5 మీటర్ల లోతు గల కొలనులో 60,000 లీటర్ల నీరు పడుతుంది. గంటకు 10,000 లీటర్లు తోడే పంపు ఆరు గంటలలో అంత నీటినీ తోడుతుంది. అయితే వడకట్టిన నీరు తిరిగి అదే కొలనులో కలుస్తుంది కనుక ఆ ఆరు గంటలలో నూటికి 63 వంతుల నీరే ఇసుక గుండా పోయినట్లు. నూటికి 98 వంతులు పోవడానికి 24 గంటలు పడుతుంది. కాబట్టి పంపు రాత్రింబగళ్ళు నడవాలి. వడపోత తొట్టి పీడనం మామూలు కంటె 8, 10 పౌండ్లు పెరిగితే నీటిని ఎదురు దిశలో పంపి ఇసుకను కడగాలి.

అప్పటికీ మట్టికలక తేరకపోతే మన పెద్దలెరిగిన ఉపాయమే శరణ్యం. పూర్వం వరదనీటి కుండలో పటిక తిప్పేవారు. కుండ లోపలిగోడకు ఇండుపగింజ అరగదీసేవారు. మట్టిరేణువులన్నీ ఒకే విద్యుదావేశం కలవి కావడంతో ఒకదానినొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. పటిక ఆ ఆవేశాన్ని అణచివేయగా అవి ముద్దలై అడుగున దిగుతాయి. తగు మోతాదులో పటిక కరిగించి కలిపి, రాత్రంతా పంపు ఆపి ఉంచండి. తెల్లవారి మడ్డిని కదలించకుండా గొట్టంతో పీల్చి, ఇసుకతొట్టిలోకి పోనీయక బయటికే వదలండి. తగ్గిన నీటిని నింపి, పి.హెచ్., క్లోరిన్ మళ్ళీ పరీక్షించండి.

కొన్ని జాగ్రత్తలు ప్రాణావసరం. క్లోరిన్ మందునూ ఆమ్లాన్నీ ఎన్నడూ కలపరాదు, విషవాయువు వెలువడుతుంది. రెండు రకాల క్లోరిన్ పొడులు కలిస్తే మంటలు లేవవచ్చు. ఆమ్లాన్నే నీటిలో పోయాలి గాని, నీటిని ఆమ్లంలో పోయరాదు.

చివరగా ఒక చిన్న పరీక్ష. లోతైన చోట రూపాయి బిళ్ళ వేయండి. గట్టుమీది నుంచి అది స్పష్టంగా కనబడితే, పరీక్షలో అంకెలూ సరిపోతే, పిల్లలను దిగనివ్వండి. మీ చూపు మాత్రం వారిమీద నుంచి మరల్చకండి. నీరు తేటపడినంత మాత్రాన కాపలా అక్కర్లేదనుకోరాదు.