బురుజు ముందు మొదలైన కథ మథురకు చేరింది

కర్నూలు: పని మీద కర్నూలు వచ్చిన పల్లె జనం కొండారెడ్డి బురుజును ఒకసారి తలెత్తి చూడనిదే వెనుదిరగరు. విజయనగర ప్రభువు అచ్యుతరాయల కాలంలో, 16వ శతాబ్దంలో కట్టిన కోటకు మిగిలిన గుర్తు అది. అలంపూరు పాలకుడు కొండారెడ్డిని ఇక్కడే బంధించారని, ఆ పేరు అలా వచ్చిందని పెద్దలు చెబుతారు. కుర్రకారుకు మాత్రం బురుజు అనగానే గుర్తుకొచ్చేది 2003 సంక్రాంతికి విడుదలైన 'ఒక్కడు' చిత్రం. ఆ కథే పన్నెండేళ్ల తరువాత హిందీలో 'తేవర్' పేరుతో వచ్చింది.

ఎం.ఎస్.రాజు నిర్మించగా గుణశేఖర్ దర్శకత్వం వహించిన 'ఒక్కడు' కథ అందరికీ తెలిసిందే. హైదరాబాదు పాతబస్తీ కుర్రవాడు కబడ్డీ ఆట కోసం కర్నూలు వస్తాడు. ఇష్టంలేని పెళ్లికి ఒక పిల్లను బలవంతంగా లాక్కుపోతుంటే చూస్తాడు. ఆమె ఎవరో తెలియదు. లాక్కుపోతున్నది ఊరంతా హడలే ఓబుల్‌రెడ్డి అనీ తెలియదు. బురుజు దగ్గరే చెయ్యి చేసుకుంటాడు. ఇక అక్కడి నుంచి పరుగే పరుగు. మహేష్‌బాబు, భూమిక, ప్రకాష్‌రాజ్ ఆ పాత్రలలో జనాన్ని మెప్పించారు.

ఊళ్లు మారాయి

2004లో తమిళంలో ఇదే కథ 'గిల్లి' అయినప్పుడు కర్నూలు స్థానంలో మధురై వచ్చింది. 2015 జనవరి 9న విడుదలైన 'తేవర్'లో మథుర వచ్చింది. పాతబస్తీ బదులు ఆగ్రా, చార్మినార్ బదులు తాజ్‌మహల్. బోనీకపూర్ నిర్మాతలలో ఒకరు. ఆయన కుమారుడు అర్జున్ కపూర్ కథానాయకుడు, సోనాక్షీ సిన్హా నాయిక. దర్శకుడు అమిత్ శర్మకు అది మొదటి చిత్రం. మన పల్లెల చెడుగుడు మాత్రం మారలేదు. ఆగ్రా కుర్రవాడూ కబడ్డీ ఆటగాడే.

'తేవర్' అంటే పొగరు, దర్పం అని చెప్పుకోవచ్చు. పేరులో ఉన్న ఊపు వసూళ్లలో కనిపించలేదు. అయినా ఆ చిత్రం సీమవాసులకు పనికొచ్చే సంగతి ఒకటి చెప్పింది.

నింద ఎవరిది?

తెర మీద కత్తి, బాంబు, సుమో బండి కనిపిస్తే చాలు అది రాయలసీమే అనడం మన సినిమాలకు అలవాటైంది. ఈ నేల మీద కక్షలు లేవని ఎవరూ అనరు. ఆ కక్షలకు పసుపు కుంకుమలు పోగొట్టుకున్న ఆడవాళ్లు ఉన్నారు. కాని దౌర్జన్యం ఈ మట్టిలోనే మొలుస్తుందన్న మాట నిజం కాదు. 'తేవర్'లో ఓబుల్‌రెడ్డి లేడు. అతని స్థానంలో మథురలో గజేందర్ సింగ్ ఉన్నాడు. అతను హోంమంత్రి తమ్ముడు. మనోజ్ బాజ్‌పేయి ఆ పాత్ర పోషించారు. కథలో నుంచి సీమను తీసివేసినా ఆ పిల్ల కష్టం ఇసుమంతైనా తగ్గలేదు. అధికారం అండగా ఉన్నవాడు ఆడపిల్ల 'వద్దు' అన్న మాటను లెక్కచేయకపోవడం తుంగభద్ర తీరంలోనైనా, యమునా తీరంలోనైనా ఒక్కటే.

సినిమా వారికి బురుజు మీద మోజు తీరలేదు. 2020లో వచ్చిన 'సరిలేరు నీకెవ్వరు' కోసం దాని నమూనానే సెట్‌గా కట్టారు. బురుజు చూడవచ్చే వారు ఫోటోలు తీసుకుని సంతోషంగా వెళుతుంటారు. అయితే ఆ కథను మూడు భాషల వారు ఎందుకు కోరుకున్నారన్నది ఆలోచించదగ్గ విషయం. ఫైట్లు, పాటలు ఏ సినిమాలోనైనా ఉంటాయి. ఇందులో ముక్కూమొహం తెలియని పిల్ల కోసం ఒకడు నిలబడ్డాడు.

అలాంటి పిల్ల ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. ఆమె కేక విన్నవారూ పదిమంది ఉంటారు. ముందుకు వచ్చేవాడు ఒక్కడే అయితే అది సినిమా. పదిమందీ వస్తే అది ఊరు.